అత్తగారి కాల్షియం

అత్తగారిని చంపడానికి అల్లుడు ఎంచుకున్న మందు కాల్షియం మాత్ర. విషం కొంటే పట్టుబడతాడు. కాల్షియం కొన్నవాణ్ణి పట్టుకున్న పోలీసు ఇంతవరకూ పుట్టలేదు. పైగా మందుల షాపు తనదే.

షాపు తనదే గానీ బిల్డింగు అత్తగారిది. తొమ్మిదేళ్లు డయాలసిస్ మంచం మీద గడిపి, అక్క ఇచ్చిన కిడ్నీతో బయటపడ్డ ఆవిడకి ఒకటే పట్టుదల.

"ఒంట్లో కాస్త కుదుటపడనీ బాబూ. కింది అంతస్తు మొత్తం డయాలసిస్ సెంటరుకి రాసిచ్చేస్తాను. నువ్వు షాపు ఇంకెక్కడైనా చూసుకో."

కుదుటపడితే కదా!

కిడ్నీ మార్చినవాళ్లకి రక్తంలో కాల్షియం పెరగడం మామూలేనని అతనికి తెలుసు. మరీ పెరిగితే కొత్త కిడ్నీ పాడవుతుంది, గుండె కూడా ఆగిపోవచ్చు. ఎవరికీ అనుమానం రాదు. రోజూ పది మాత్రలు నూరి, అత్తగారొక్కరే కాఫీలో వేసుకునే చక్కెర పొడి డబ్బాలో కలపడం మొదలుపెట్టాడు. అల్మారాలోని కంపెనీ మాత్రల జోలికి పోలేదు. బిల్లు లేకుండా సగం ధరకి అట్టపెట్టెల్లో వచ్చిన సరుకే వాడాడు. హత్యలోనైనా సరే, దుబారా అతనికి గిట్టదు.

"ఈమధ్య కాఫీ గంజిలా ఉంటోందేమిటే అమ్మాయ్?" అని అత్తగారు కూతుర్ని సతాయించేది.

మొదటి నెల రిపోర్టులో కాల్షియం పదకొండు. నాలుగో నెలకి పన్నెండున్నర. పదిన్నర దాటకూడదని ఆ కాగితం మీదే అచ్చేసి ఉంది.

"తిరకాసంతా మెడలో ఉంది," అన్నాడు డాక్టరు. "అక్కడ గింజలంత గ్రంథులు నాలుగుంటాయి. కిడ్నీలు పనిచెయ్యని ఇన్నేళ్లూ ఎముకల్లోంచి కాల్షియం లాగడం మరిగాయి. కొత్త కిడ్నీ వచ్చినా అలవాటు మానలేదు."

"అయ్యో పాపం!" అన్నాడు అల్లుడు. ఆ జాలి డాక్టరు మీద. అంత చదువు చదివినవాడికి చక్కెర డబ్బా కనపడలేదే!

ఇంటికెళ్లి పది మాత్రల్ని ఇరవై చేశాడు.

డాక్టరు మెడకి ఆపరేషన్ చేసి గ్రంథులు తీసేశాడు. తెల్లారేసరికి కాల్షియం ఏడుకి పడిపోయింది. అల్లుడు బుర్ర గోక్కున్నాడు.

"ఇన్నేళ్లు పస్తున్న ఎముకలు. ఇప్పుడు దొరికిందంతా మింగేస్తాయి," అన్నాడు డాక్టరు. నాలుగు రోజులు నరానికి కాల్షియం ఎక్కించి, ఇంటికి పంపుతూ చీటీ రాశాడు. "రోజూ గుప్పెడు కాల్షియం మాత్రలు వెయ్యాలి."

"మా అల్లుడి షాపుండగా బయట కొనడమెందుకు?" అంది అత్తగారు.

అల్లుడికి నవ్వాగలేదు. గుప్పెడు చీటీ మీద, ఇరవై డబ్బాలో. తేడా వస్తే నింద డాక్టరుకే! అవే అట్టపెట్టెల్లోంచి అట్టలకి అట్టలు తీసిచ్చాడు.

వారం తిరగకుండా వేళ్లు కొంకర్లు పోయి అత్తగారు మళ్లీ ఆసుపత్రిలో చేరింది. ఇంకో వారానికి కోలుకుని, కూతురి భుజం పట్టుకుని తిన్నగా షాపుకే వచ్చింది. వెంట డాక్టరు. ఆయన పక్కన డ్రగ్ ఇన్‌స్పెక్టరు. ఇన్‌స్పెక్టరు చేతిలో ఒక మాత్రల అట్ట.

"ఇవి మీ షాపువేనా? ల్యాబులో పరీక్ష చేయించాం. అంతా తేలిపోయింది."

అల్లుడు కౌంటరు కింద నుంచి దూరి వచ్చి అత్తగారి కాళ్ల మీద పడ్డాడు.

"క్షమించండి అత్తయ్యగారూ! బుద్ధి గడ్డి తిని చక్కెర డబ్బాలో నూరి కలిపాను. మొదటి నెల నుంచీ నేనే..."



"ఏం కలిపావు?" అంది అత్తగారు.

"అవే... ఆయన చేతిలో ఉన్నవే."

ఇన్‌స్పెక్టరు అట్టని ఒకసారి, అల్లుణ్ణి ఒకసారి చూశాడు.

"మేం నకిలీ మందుల కేసు మీద వచ్చాం బాబూ. ఈ మాత్రల్లో కాల్షియం రవ్వంత కూడా లేదు, నువ్వు ఇన్ని నెలలూ అత్తగారికి పెట్టింది ఉత్త మొక్కజొన్న పిండి!"