తుమ్మితే తెరుచుకోని తలుపు

పొత్తికడుపు కింది కండరాలకు బలమిచ్చే ఆడవాళ్ల వర్క్‌షాపుకు బయలుదేరుతూ, గుమ్మం దగ్గర భ్రమరాంబ తుమ్మింది. వెంటనే తలుపు గడియ వేసుకుంది.

"తుమ్మారమ్మా. కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి బయలుదేరండి," అంది తలుపు.

ఊళ్లో తలుపులన్నిటికీ మాటలొచ్చిన కొత్తలో, ఇంటి ఆచారాలు దానికి దగ్గరుండి నేర్పింది ఆవిడే.

"ఈ గ్లాసుడు నీళ్లూ తాగితే అక్కడిదాకా ఆగలేనే," అని భ్రమరాంబ తన కోడలు హిమజ చెవిలో గొణిగింది. కాన్పుల తర్వాత మొదలైన బాధ అది. తుమ్మినా నవ్వినా చీర తడుస్తుంది. అందుకే నలుగురిలో నవ్వడం మానేసింది. మహా గంభీరమైన మనిషని వీధంతా అనుకునేది.

నీళ్లు తాగి, బాత్రూముకు వెళ్లొచ్చి, గుమ్మంలో మళ్లీ తుమ్మింది.

"తుమ్మారమ్మా. కాసేపు..."

"నోర్ముయ్! తుమ్మితే ఉచ్చ పడిపోతోందనేగా వెళ్తున్నది!" భ్రమరాంబ వీధంతా వినపడేలా అరిచింది.

తలుపు ఒక్క క్షణం ఆలోచించి తెరుచుకుంది. "క్షేమంగా వెళ్లి రండమ్మా. ఎదురింటి తలుపు అడుగుతోంది, వాళ్ల అమ్మగారు కూడా మీతో రావచ్చా అని."

హిమజ పకపకా నవ్వింది. భ్రమరాంబ కాళ్లు రెండూ దగ్గరికి బిగించుకుని, "నవ్వించకే తల్లీ, ఇంకా నేర్చుకోలేదు!" అంటూ తనూ నవ్వేసింది.