ఇంకో నాలుగు గంటలు

"తీసెయ్యమని చెప్పు అత్తమ్మా! బీపీ దిగింది కదా," అన్నాడు మంగేష్.

"దిగితే దిగింది. నిన్న పగలు పన్నెండింటికి కాన్పయింది. ఇయ్యాల పన్నెండు అయ్యేదాంక సూది ముట్టనియ్య," అంది వజ్రమ్మ, మంచానికి అడ్డంగా నిలబడి.

అప్పటికి ఉదయం ఎనిమిది. ముంబైలో నాగ్‌పాడా దగ్గరి ఆస్పత్రి పురుటి వార్డులో సారిక మెలికలు తిరిగిపోతోంది. బీపీ పెరిగి కళ్లు మసకలు కమ్మితే కామాఠిపురా చాల్‌లోని ఒంటిగది ఇంటి నుంచి టాక్సీలో తెచ్చారు. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం ఎక్కిస్తున్నారు. కాన్పయ్యాక కూడా ఇరవై నాలుగు గంటలు ఆపకూడదని డాక్టరమ్మ మయూరి గట్టిగా చెప్పింది. ఆ మందుకు ఒళ్లంతా సెగలు.

"అమ్మా, నిప్పుల మీద పండుకున్నట్టుంది. నీ కాళ్లు మొక్కుత, ఇంటికి తోల్కపో," సారిక ఏడ్చింది.

వజ్రమ్మ తడిగుడ్డతో ఆమె మెడ తుడిచింది. "ఏడ్వు బిడ్డా. ఎంతన్న ఏడ్వు. తియ్యనియ్య."

మంగేష్ చూడలేకపోయాడు. మా ఇష్టంతోనే తీసుకెళ్తున్నామని రాసిచ్చే కాగితం తెచ్చి, పెన్ను మూత తీశాడు. వజ్రమ్మ కాగితం లాక్కుని ముక్కలు చేసింది.

"నీకు గుండె లేదా అత్తమ్మా?"

"లేదు. పో, బయట కూసో."

అతను తల దించుకుని వెళ్లిపోయాడు. సారిక గోడవైపు తిరిగింది.

తొమ్మిదింటికి తల పగిలిపోతోందని కేక పెట్టింది. బీపీ మళ్లీ ఎగబాకింది. డాక్టరమ్మ పరుగున వచ్చి ఇంకో మందిచ్చింది. వజ్రమ్మ మంచం కమ్మీ పట్టుకుని నిలబడింది. ఫిట్స్ రాలేదు. మెల్లగా బీపీ దిగింది.

పన్నెండు దాటాక డాక్టరమ్మ మరోసారి చూసి, సరేనంది. వాళ్ల గల్లీకి ఈ మధ్యే వచ్చిన తెలుగు పిల్ల, నర్సు సీమా సూది తీసింది.

"పొద్దున తోల్కపోయుంటే దారిలనే పానం పోతుండెనేమో. కన్నతల్లివి, గంత మొండిగ ఎట్లున్నవ్ అమ్మా?"

వజ్రమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"నా బిడ్డ గిట్లనే ఏడిస్తే, చూడలేక నడుమల తీయించిన. ఆ సంగతి ఇయ్యాల్టిదాంక ఎవ్వలకు చెప్పలే. చాల్ మెట్ల మీదనే ఫిట్స్ వచ్చి సచ్చిపోయింది."

సీమా మంచం వంక చూసింది. "మరి ఈమె?"

"నా అల్లుని రెండో పెండ్లాం."