ఉత్తినే వచ్చిన పుంజు

"ఆ పుంజుని మార్చండి బాబూ!"

గేటు అవతలి నుంచి మాట వినిపించి రంగుల షావుకారు తలెత్తాడు.

మూత పెట్టిన బుట్ట చంకన పెట్టుకుని ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ చూసిన ముఖం కాదు.

"ఏ పుంజుని? ఎవరు నువ్వు?"

"అదే, ఆ వెండిచుక్కల పుంజుని. అదీ, దాని పక్కనున్న పెట్టలూ ఒక్క తల్లి పిల్లలు. దాన్నే ఉంచితే గుడ్లు మురిగిపోతాయి. ఒకటీ అరా పిల్ల దిగినా కాళ్ళ మీద నిలబడదు."

షావుకారు ముఖం మాడిపోయింది. ఎందుకంటే జరుగుతున్నది అదే.

ఆయనకు రంగుల దుకాణం ఉంది. పెరట్లో రకరకాల కోళ్ళున్నాయి. మెడ మీద ఈక లేనివి, ఈకలు ఉంగరాలు తిరిగినవి, గుప్పెడంత పొట్టివి, ముక్కు నుంచి గోటి దాకా నల్లనివి. ఎన్ని ఉన్నా జనం చూడవచ్చేది వెండిచుక్కలనే. బూడిదరంగు ఈకల మీద ఎవరో కుంచెతో అద్దినట్టు తెల్లని చుక్కలు.

వాటిని సంతలో గంపతో సహా కొన్నాడు. వచ్చినవాళ్ళతో మాత్రం "ఈ జాతి నేను తయారుచేసిందే" అనేవాడు. చెప్పగా చెప్పగా తనకే నిజమనిపించింది.

ఇప్పుడా జాతి నిలవడం లేదు. బోడమెడ పెట్ట కింద పొదగేసిన వెండిచుక్కల గుడ్లన్నీ మురిగాయి. అంతకుముందు దిగిన పిల్లలు కాళ్ళు ఈడ్చి ఈడ్చి చచ్చిపోయాయి. షావుకారు ఎండను తిట్టాడు, దాణా కొట్టువాణ్ణి తిట్టాడు. పుంజును మాత్రం ఏమీ అనలేదు.

"అయితే ఏం చేయమంటావు?"

ముసలాయన బుట్ట మూత తీశాడు. లోపల ఒక పుంజు. తోక లేదు. సగం ఈకలు లేవు.

షావుకారు పగలబడి నవ్వాడు.

"చుక్కలేవి పెద్దాయనా? నా కళ్ళ ముందు కనిపిస్తున్నాయిగానీ, దీని ఒంటి మీద లేవే!"

"ఈక రాల్చుకుంటోంది బాబూ. కొత్త ఈక రానివ్వండి, అప్పుడు చూడండి. ఇది వేరే తల్లిది."

"ఎంతకిస్తావు?"

"ఏమీ వద్దు. పెట్టల్లోకి వదలండి, చాలు."

"మరి నా పుంజు?"

"మీ దగ్గరే ఉండనివ్వండి. వేరే గూట్లో పెట్టండి."

ముసలాయన కంచె వైపు తిరిగి నాలుకతో చిన్న చప్పుడు చేశాడు. వెండిచుక్కల పెట్టలు తింటున్న గింజలు వదిలేసి పరుగెత్తుకొచ్చాయి.

"ఒక్కసారి ముట్టుకోనా బాబూ?"

"నీ చేతికి ఏ తెగులుందో! వద్దు వద్దు."

ముసలాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కాసేపు చూస్తూ నిలబడి, ఖాళీ బుట్ట తీసుకుని వెళ్ళిపోయాడు.

"కోళ్ళ దొంగలకే తెలుస్తాయి ఈ పిలుపులు" అన్నాడు షావుకారు లోపలికొస్తూ.

"దొంగ అయితే తీసుకుపోతాడుగానీ ఇచ్చిపోతాడేమిటండీ?" అంది భార్య.

"అదే నా అనుమానం. ఎవడైనా ఉత్తినే ఎందుకిస్తాడే?"

"మీరు ఏనాడైనా ఎవరికైనా కుంచెలో వెంట్రుకైనా ఉత్తినే ఇచ్చారా? అందుకే మీకు అలా అనిపిస్తుంది."

ఆమె అన్నది తప్పేం కాదు. ఒక డబ్బా కొంటే ఇంకో డబ్బా ఉచితమని బోర్డు పెట్టాడంటే, ఆ రెండో డబ్బాలో రంగు గడ్డకట్టిందని అర్థం. ఆ బోర్డు రాసేది ఆయనే కాబట్టి ఆయనకు బాగా తెలుసు.

"తెగులుదైనా అయ్యుండాలి, కల్తీదైనా అయ్యుండాలి. దీన్ని కలిపితే నా జాతి మొత్తం చెడిపోతుంది."

"మరేం చేస్తారు?"

"మధ్యాహ్నం మీ తమ్ముడు వస్తున్నాడుగా."

బావమరిది ఎముక వదలకుండా తిన్నాడు.

"నీ పెరట్లో కోడి నా కంచంలోకి వచ్చిందంటే నమ్మలేకపోతున్నా బావా! కాస్త గట్టిగా ఉందిలే."

"ఉత్తినే వచ్చినదానికి వంకలు పెట్టకు" అన్నాడు బావ. ముగ్గురూ నవ్వుకున్నారు.

తర్వాత పెట్టిన గుడ్లూ మురిగాయి. వానలకు రెండు పెట్టలు పోయాయి. మిగిలిన ఒక్క పెట్టా గుడ్లు తగ్గించేసింది. షావుకారు చుట్టుపక్కల సంతలన్నీ తిరిగాడు. ఎక్కడా వెండిచుక్క దొరకలేదు. చివరికి తనకు గంప అమ్మినవాణ్ణి పట్టుకున్నాడు.

"అవి వంతెన అవతలి నీలం తలుపు ఇంట్లోవి. అక్కడ అడగండి" అన్నాడు వాడు.

నీలం తలుపు తీసిన ఆవిడ చేతిలో చీపురుంది. వెనక గోడ పొడవునా కోళ్ళ గూళ్ళు. అన్నీ ఖాళీ.

"వెండిచుక్కలా? ఇంకెక్కడివండీ! మా నాన్న తయారుచేసిన జాతి అది. వయసంతా దానికే పెట్టాడు. ఆయన ఆసుపత్రిలో ఉండగా మా ఆయన వాటిని గంపలకెత్తి సంతకు వేసేశాడు. ఒక్క పుంజు మాత్రం గోడ దూకి తప్పించుకుంది."

షావుకారు ఖాళీ గూళ్ళ వైపు చూశాడు.

"మీ నాన్నగారు..."

"వానలకు ముందే పోయారండీ. మంచం దిగిన దగ్గర్నుంచి ఇల్లిల్లూ వెతికాడు. ఒకచోట పెట్టలు కనిపించాయన్నాడు. 'మనవేగా, అడిగి తెచ్చుకోకపోయావా' అన్నాను. 'నాకిక ఓపిక లేదమ్మా, ఆయన నాకంటే బాగా చూసుకుంటున్నాడు' అన్నాడు. ఆ రోజు ఎన్నాళ్ళకో కడుపునిండా అన్నం తిన్నాడు."

షావుకారు గోడ పట్టుకుని నిలబడ్డాడు.

ఆవిడకు ఆయన్ను చూసి జాలేసింది.

"అంత ఆశపడి వచ్చారు కాబట్టి చెబుతున్నా. ఆ ఇల్లెక్కడో వెతికి ఒక పిల్లని అడగండి. ఈపాటికి వాళ్ళ పెరడు నిండిపోయి ఉంటుంది. మాకు మిగిలిన ఆ ఒక్క పుంజునీ నాన్న వాళ్ళకే ఇచ్చొచ్చాడు."