చిక్కటి కుడితి

"కాస్త కుడితి ఎట్టమ్మా! ఆవుకి తీసికెల్తాను."

దొడ్డితలుపు దగ్గర ఓ బక్కపలచటి మనిషి ఖాళీ కుండ పట్టుకుని నిలబడ్డాడు.

నీలవేణి అగ్గిపుల్లను బ్లేడుతో నిలువునా రెండుగా చీలుస్తోంది. ఆమె చెయ్యి ఆగిపోయింది.

రాజాంలో కుడితి అడిగేవాళ్లు కొత్త కాదు. అయితే కుడితి కుండ ఇంటి గుట్టు చెబుతుంది. బియ్యం కడుగునీళ్లు, గంజి, కూరల తొక్కలు, కంచాల్లో మిగిలిన మెతుకులు అన్నీ అందులోకే చేరతాయి. ఆ ఇంట్లో నిన్న ఏం తిన్నారో, అసలు తిన్నారో లేదో, కుండ వంచితే తెలిసిపోతుంది.

లేదనబోయింది. గోడవతల పక్కింటి సూర్యకాంతం బట్టలు ఆరేస్తోంది. కుడితి లేదంటే వంట లేదన్నట్టే.

"ఉండు, తెస్తాను" అంది.

పల్చటి కడుగునీళ్లు, అందులో రెండు తోటకూర కాడలు. ఆ మనిషి కుండలోకి వంగి చూశాడు. అక్కణ్ణుంచి కదల్లేదు.

"ఇంకేం కావాలయ్యా?"

"బాబుగారు ఊర్లో నేరా అమ్మా?"

"రంగంలో ఉన్నారు. వస్తారు. దార్లో ఉంటారు."

అతను తల వంచుకుని కుండ ఎత్తుకున్నాడు.

భర్త బర్మాలోని రంగూన్‌కి, ఊరి మాటలో రంగానికి, వెళ్లి మూడేళ్లయింది. అక్కడ జపాను బాంబులు పడ్డాక ఉత్తరమూ లేదు, మనియార్డరూ లేదు. "నేనొచ్చేదాకా ఇల్లు చెదరనివ్వకు" అన్న మాట ఒక్కటే మిగిలింది. నీలవేణి ఆ మాటను పట్టుకుని బతుకుతోంది. చింతపండు రెండుసార్లు ఉడకబెడుతుంది. నిప్పును బూడిద కింద దాచుకుంటుంది. ఒక పూట అన్నం, ఒక పూట గంజి. అటకమీద కుండెడు సన్నబియ్యం ఉన్నాయి. అవి ఆయన వచ్చిన రోజున వండడానికి. ఆ కుండలో చెయ్యి పెట్టనంతకాలం ఆయనకేమీ కాదని ఆమెకు ఎందుకో నమ్మకం. ఎందుకని తనను తాను ఎప్పుడూ అడగలేదు. అడగడానికి భయం.

మర్నాడు అతను దోసెడు నూకలు గుమ్మంలో పెట్టాడు.

"ఆవు ముట్టడం నేదమ్మా. పారబొయ్యడానికి మనసు రాక తెచ్చాను."

గోడమీంచి సూర్యకాంతం తల పైకి లేచింది.

"నూకలు తినని ఆవేటి వదినా! జమీందారుగారి దివాణంలో పుట్టిందా ఏటి?"

నీలవేణి నవ్వింది. నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోయింది.

ఆ మనిషి రోజూ వచ్చేవాడు. కుడితి బొత్తిగా పల్చనైతే మర్నాడు నూకలు. కాస్త మెరుగ్గా ఉంటే మునగాకు కట్ట. కొన్నాళ్లకు ఆమెకు లెక్క అందింది. తన ఆకలిని ఎవడో పరాయివాడు రోజూ కొలుస్తున్నాడు!

పగలు నూకలు తిట్టుకుంటూ వండుకునేది. రాత్రి అతని మీద కోపంతో నిద్ర పట్టేది కాదు. ఊరంతటినీ ఇన్నాళ్లు నమ్మించింది. ఒక్కడికి తెలిసిపోయింది. సాయం చేసినందుకు కాదు, తెలుసుకున్నందుకు ఆమె అతన్ని క్షమించలేకపోయింది.

ఓ ఉదయం తను తాగవలసిన గంజి మొత్తం కుడితిలో ఒంపేసింది. గుప్పెడు మెతుకులు కూడా పైన వేసింది.

"ఈయేల సిక్కగున్నాదమ్మా!" అతని ముఖం విప్పారింది.

"మా ఇంట్లో ఎప్పుడూ అంతే" అంది.

అలా పది రోజులు. నూకలు రావడం ఆగిపోయింది. మునగాకూ ఆగింది. ఆమె మంచినీళ్లు తాగి, గెలిచాననుకుంది.

పదకొండో రోజు అతను రాలేదు. మర్నాడూ రాలేదు.

నాలుగోనాడు, పొయ్యి దగ్గర నుంచి లేస్తుంటే కళ్లు చీకట్లు కమ్మాయి. గోడ పట్టుకుని నిలదొక్కుకుంది. ఆవు ఎలా ఉందో కనుక్కోవాలి, అంతే, అని తనకు తానే చెప్పుకుని, వడ్లబళ్లు ఆగే చోటు దాటి, అతను రోజూ కుండతో వెళ్లే పాకల వైపు నడిచింది.

గురమ్మ అనే ఆవిడ పాక గోడకు పిడకలు కొడుతోంది.

"ఇక్కడ ఓ బక్కపలచటాయన... ఆవున్నాయన..."

"గంగులా? ఆడికి ఆవేటమ్మా! ఒంటిమీద గుడ్డే సరిగ్గా నేదు" గురమ్మ పకపకా నవ్వింది.

"మరి కుడితి పట్టుకెళ్లేవాడు కదా?"

"తెచ్చి నా గేదెకి పోసీవోడు. ముందు కుండలో సెయ్యెట్టి దేవీవోడు. మెతుకు తగిల్తే ఆ రోజు పెళ్లికొడుకే! తగల్నేదా, కూలికొచ్చిన నూకలు మూటగట్టీసి, ఆడు నా కాడ సోడంబలి తాగీవోడు."

నీలవేణి గేదె ముందున్న కుడితి తొట్టి వైపు చూసింది.

"ఏ ఇంటికెల్తున్నాడో సెప్పీవోడు కాదు. 'కుడితి సిక్కబడింది గురమ్మా, ఆయమ్మ కడుపునిండా తింతంది, ఇంక నాతో పన్నేదు' అని మొన్న కొత్తవలస ఏపు కూలికెల్లిపోనాడు."

"మళ్లీ వస్తాడా?"

"ఇక్కడేటున్నాది ఆడికి!"

"ఆ ఇంటావిడ... అతనికి ఏమవుతుంది?"

గురమ్మ వెనక్కి తిరిగి చూడకుండానే ఇంకో పిడక చరిచి అంది: "రంగం నుంచి కొండలంట ఈడితో కలిసి నడిసొస్తంటే తోవలో పోయినాయన పెళ్లామంటమ్మా, ఆ కబురు సెప్దామని రోజూ ఎల్లి, నోరు రాక, కుడితి అడుక్కుని వొచ్చీసీవోడు."