ఎర్రనీళ్ళ దిష్టి

“ఏం పూసినావు నా కూతురి మొగానికి?”

కమలాక్షి తోసిన తోపుకు బ్యూటీపార్లర్ అద్దాల తలుపు వెళ్ళి గోడకు కొట్టుకుంది. ఆమె భర్తకు హిందూపురం బజారులో పెద్ద కిరాణా అంగడి ఉంది. వెనకాలే కూతురు సాయిశ్రీ, ముఖానికి చున్నీ చుట్టుకుని తలవంచుకుని నిలబడింది. పెనుకొండ నుంచి వచ్చి తమ వంతు కోసం కూర్చున్న ముగ్గురు ఆడవాళ్ళు సెల్‌ఫోన్లు ఒళ్ళో పెట్టేశారు. ఇంత మంచి తగాదా సెల్‌ఫోన్లో ఎక్కడ దొరుకుతుంది!

పార్లర్ యజమానురాలు నీలావతి చేతిలోని దూది పక్కన పెట్టి వచ్చింది.

“ఏమైందక్కా?”

“ఏమైందా? చూడు!” కమలాక్షి చున్నీ లాగేసింది.

సాయిశ్రీ బుగ్గలు రెండూ కమిలిపోయి, వాచి ఉన్నాయి. మొన్న శనివారం చర్మం పైపొర తీసే ‘పీల్’ చేయించుకుని ఇదే కుర్చీలోంచి లేచినప్పుడు ఆ ముఖం కడిగిన ముత్యంలా ఉంది.

“వచ్చే గురువారం నిశ్చితార్థం. ధర్మవరం నుంచి యాభై మంది వస్తాండారు. ఈ మొగం పెట్టుకొని అది పీట మీద ఎట్ల కూర్చుంటాది? సున్నితమైన చర్మానికి గూడా ఏం గాదని చెప్తివే!”

“ఏం కాదనే చేసినానక్కా. నేను పూసింది పెరుగు పులుపులో ఉండే ఆసిడే, అదీ తక్కువ పాళ్ళలో. పైపొర కనపడీ కనపడనట్ల రాలిపోతాది, అంతే. రెండు దినాలు ముందే చెవెనక చుక్క పెట్టి చూస్తి. చిన్న దద్దు గూడా రాలేదు.”

నీలావతి దగ్గరగా వచ్చి చూసింది. నుదుటికీ, గడ్డానికీ కూడా అదే మందు పూసింది. అక్కడ చర్మం నున్నగానే ఉంది. కాలినవి బుగ్గలు మాత్రమే.

“అక్కా, ఇంటికి పోయినాక ఏమన్నా రాసినారా? పసుపు గానీ, నిమ్మకాయ గానీ, సున్నం గానీ... వారం దినాలు ఏమీ తగలకూడదని చెప్పి పంపిస్తి కదా.”

కమలాక్షి ఏదో అనబోయి ఆగింది. ఆ తర్వాత గొంతు ఇంకా పెంచింది.

“ఓహో! చేసేదంతా చేసి ఇప్పుడు మా నెత్తిన వేస్తాండావా? బెంగుళూరులో నేర్చుకొని వచ్చినానని బోర్డు పెట్టుకుంటే సరిపోదమ్మా. ఈ ఊర్లో ఒక్క ఆడమనిషి నీ గడప తొక్కకుండా చేస్తా, చూస్తాండు!”

నీలావతి సాయిశ్రీ చెయ్యి పట్టుకుని తెర వెనక్కు తీసుకెళ్ళింది. కొళాయి తిప్పి, మెత్తటి గుడ్డను చల్లటి నీళ్ళలో తడిపి బుగ్గల మీద వేసింది.

కొళాయి చప్పుడు చాటున సాయిశ్రీ మెల్లగా అంది. “ఆంటీ, మీ తప్పేం లేదు. శనివారం ఇంటికి పోతానే నా మొగం చూసి అమ్మ మురిసిపోయింది. ఊరి కండ్లన్నీ నా మీదే పడతాయని ఎర్రనీళ్ళు కలిపి దిష్టి తీసింది. తీసి, మా అవ్వ చేసేటట్లే ఆ నీళ్ళలో చెయ్యి ముంచి రెండు బుగ్గలకూ రాసింది.”

ఎర్రనీళ్ళంటే పసుపు, సున్నం. పైపొర రాలిన లేత చర్మం మీద సున్నపు నీళ్ళు!

“మంట పుట్టలేదా నీకు?”

“పుట్టింది. అమ్మ అంత సంతోషంగా ఉంటే ముందరే కడుక్కునేకి మనసు రాలేదు.” సాయిశ్రీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “తన చేత్తోనే నా మొగం కాల్చిందని తెలిస్తే అమ్మ బతికినన్ని దినాలూ కుమిలిపోతాది ఆంటీ. మందుదే తప్పని చెప్పండి. మీ కాళ్ళు మొక్కుతా.”

నీలావతికి ముందు కోపమే వచ్చింది. పన్నెండేళ్ళు కష్టపడి తెచ్చుకున్న పేరు. ఒక్క నిజం చెబితే నిలబడుతుంది. తెర పక్కకు జరిపి చూసింది. కమలాక్షి కుర్చీలో కూలబడి చీరచెంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది.

నీలావతి బయటికి వచ్చింది.

“నాదే తప్పక్కా. మందు పాళ్ళు ఎక్కువైనట్లుండాది. బిడ్డను ఇప్పుడే చర్మం డాక్టరు దగ్గరికి పిల్చుకొని పొండి. ఆయన చెప్పేదాకా ఏమీ పూయొద్దండి.”

పెనుకొండ ఆడవాళ్ళలో ఒకామెకు ఉన్నట్టుండి బస్సు టైము గుర్తుకొచ్చింది. మిగతా ఇద్దరికీ అదే బస్సు. కమలాక్షి మాత్రం గెలిచిన మనిషిలా లేదు. కూతుర్ని తీసుకుని వెళ్ళిపోయింది.

ఖాళీ కుర్చీల మధ్య నీలావతి చాలాసేపు కూర్చుంది. అబద్ధం చెప్పినందుకు కాదు ఆమె బాధ. ఏమీ తగలకూడదని చెప్పింది గానీ, ఎర్రనీళ్ళు కూడా వద్దని చెప్పాలని తనకెందుకు తోచలేదు? తానూ ఈ ఊరి మనిషే. కళగా ఉన్న ఆడపిల్లకు దిష్టి తీయని తల్లి ఈ చుట్టుపక్కల ఉంటుందా? ఒక్క మాట. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే పిల్ల ముఖమూ దక్కేది, తన పేరూ దక్కేది.

గంట తర్వాత తలుపు మళ్ళీ తెరుచుకుంది. కమలాక్షి ఒక్కతే వచ్చింది.

“సాయిశ్రీని డాక్టరు దగ్గర కూర్చోబెట్టి వచ్చినా. మానేకి నెల పడుతుందంట. నిశ్చితార్థం వాయిదా వేసుకుంటాము.”

ఇంకా తిట్లు మిగిలే ఉన్నాయనుకుని నీలావతి తలవంచుకుంది. కమలాక్షి వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

“నువ్వు సున్నం అనంగానే నాకు తెలిసిపోయింది నీలావతీ. నిజం చెప్పేకి నోరు పెగలక నిన్ను తిడితి. చేయని తప్పు ఎందుకు నెత్తిన వేసుకుంటివో గానీ, ఆ మాట మీదే ఉండు తల్లీ... కాల్చింది నా చెయ్యేనని దానికి మాత్రం ఎప్పుడూ చెప్పొద్దు.”