పథ్యం లేని కూర

"మూత పెట్టకే, బీన్స్ పచ్చదనం పోతుంది," అంటూ అమ్మ నా చేతిలోంచి మూత లాక్కుంది.

మూకుడులో వెల్లుల్లి చిటపటలాడుతోంది. అమ్మ ఉప్పు గుప్పిట్లోకి తీసి చల్లింది. నాన్నకి వండే కూరలో ఉప్పు పడి ఏడాది దాటింది.

"అంత వెయ్యకమ్మా."

"నువ్వూరుకో. పథ్యం అక్కర్లేదు, ఏది తినాలనిపిస్తే అది పెట్టండని డాక్టరుగారు నీ ఎదురుగానే కదా చెప్పారు? చప్పిడి తిండి తినీ తినీ నీరసపడ్డారు గానీ, ఆయనకి ఇంకేం జబ్బుందని?"

నా ఎదురుగానే చెప్పారు. అది విన్నప్పటినుంచీ అమ్మ మొహం వెలిగిపోతోంది. ఇక నేనేం చెప్పను?

కూర పొగలు కక్కుతుండగానే నాన్న మంచం దగ్గరికి పట్టుకెళ్లింది. నాన్న ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు.

"ఉప్పేశావా?"

"వేశానండీ. ఇంక పథ్యం లేదట. ఏది కావాలంటే అది పెట్టమన్నారు."

నాన్న నావైపు చూశాడు. ఉద్యోగమంతా ఆసుపత్రిలో కాంపౌండరుగానే చేశాడు. ఇక మందులు పనిచెయ్యవని తేలాక, రోగి ఇంట్లోవాళ్లని పక్కకి పిలిచి సరిగ్గా ఆ మాటే చెప్పడం ఆయన పని.

నేను తల దించేసుకున్నాను.

నాన్న ముద్ద మింగి, కంచం అమ్మవైపు జరిపాడు. "బాగా కుదిరింది. ఇంకొంచెం వెయ్యి."

"చూశావా," అంది అమ్మ నాతో, గరిటె నిండా కూర తీస్తూ. "అప్పుడే ఆకలి కూడా పుట్టింది."