తోమని రూపాయి

“తోమి తోమి పాడుచేశారమ్మా,” అన్నాడు రంగనాయకులు, భూతద్దంలోంచి చూస్తూ. పాత నాణేలు సేకరించే ఆయన పట్నం నుంచి మంఖాల్‌కు స్కూటర్ మీద వచ్చాడు. యేసమ్మ ఇంట్లో దండకు గుచ్చిన ఆరు ఇంగ్లీషు రూపాయల మీదా రాజు ముఖం అరిగిపోయింది. “ఇవి నాలుగో రకం. వెండి ధరే వస్తుంది.”

“ఏటా క్రిస్మస్‌కు మా అత్త చింతపండుతోని తోమేది. మెరిస్తెనే గద మెడకు అందం,” అంది యేసమ్మ.

దండ దాచిన యేసమ్మ పెట్టె అడుగు నుంచి ఆయన నల్లబడ్డ ఏడో రూపాయి తీశాడు. రాజు గడ్డంలో వెంట్రుక కూడా అరగలేదు. ఆయన గొంతు మారింది.

“ఇది మొదటి రకం! దీన్నెందుకు తోమలేదు?”

“దొర బాయి తవ్వుతుంటె మట్టి మీద కూలి మా మామ సచ్చిపోయిండు. దానికి దొర ఇచ్చిన రూపాయి గది. మా అత్త మెడకు కట్టలె, ఖర్సు పెట్టలె.”

“ఎప్పటి మాటో కదమ్మా. ఎంత అడిగితే అంత ఇస్తాను.”

యేసమ్మ ఆయన చేతిలోంచి రూపాయి తీసుకుంది.

“గా ఆరు తీస్కపో సారు. గిది ఇయ్య. ఎంతకు అమ్మినా, మా మామ పాణానికి ధర ఉన్నదని ఒప్పుకున్నట్టే.”